పసుపు రాసిన డ్రైవ్

సెప్టెంబరు 12, శుక్రవారం

లాప్‌టాప్ నిండిపోయింది. శ్రావణంలో తీసిన మల్కాపురం గౌరి పెళ్లి వీడియో ఒక్కటే సగం మింగేసింది. వీడియోలు దాచుకోవడానికి ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ కొనాలి. ఏది? షాపులో ఎక్స్‌టర్నల్ చూపించారు. మూత వేసేసిన డ్రైవ్, పైన రబ్బరు తొడుగు. దుమ్ము దూరదు, తడి దిగదు, కింద పడినా భయం లేదట. సూరిబావ ఫోన్లోనే కొట్టిపారేశాడు. “లాప్‌టాప్ లోపల పెట్టీ కార్డు కొను బావా. డబ్బాలో ఏసుకుంటే అదే ఎక్స్‌టర్నలు. రేపు డబ్బా పోనా కార్డు నీదే కదా!” మా అక్కను చేసుకున్న పాపానికి నా కంప్యూటర్లన్నీ ఆయనే బాగుచేస్తాడు. కాదనలేను.

సెప్టెంబరు 14, ఆదివారం

బావ మాటే నెగ్గింది. చూయింగ్‌గమ్ రేకంత కార్డు, దానికో అల్యూమినియం డబ్బా. వేడి పోవడానికి పైన సన్నని చీలికలు. పెళ్లంతా అందులోకి ఎక్కించాను. లాప్‌టాప్‌లోది తీసేశాను. కెమెరా కార్డులూ ఖాళీ చేశాను — రేపు భీమిలిలో పుట్టినరోజు ఫంక్షన్.

అంటే ఒకటే కాపీ.

సెప్టెంబరు 18

డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడి. వైరు కదిలితే డ్రైవ్ మాయం... మళ్లీ గుచ్చితే వస్తుంది. రెండో కాపీ తీయాలి.

సెప్టెంబరు 25, గురువారం

గౌరి నాన్న పోయారు. పోర్టులో క్రేన్ నడిపిన మనిషి, వంటింట్లో కుప్పకూలిపోయారట. చూసి వచ్చాను. గౌరి నా చెయ్యి వదల్లేదు. “నాన్న ఫోటోకే నిలబడీవోడు కాదన్నా. అప్పగింతల్లో మాటాడినాడు సూడు... అదొక్కటే మాకు. ఉంది కదా?” ఉందమ్మా అన్నాను. “పెద్దకర్మకి అమ్మకి వినిపించాల.”

ఇంటికొచ్చి గుచ్చి చూశాను. ఉంది. హమ్మయ్య. పండగ కాగానే రెండో కాపీ.

అక్టోబరు 1, బుధవారం

ఆయుధపూజ. కెమెరా, లైట్లు, డ్రోన్ పీట మీద వరసగా. ఈసారి డ్రైవ్ కూడా. ఇంత భయపెడుతున్నది అదే కదా, ముందు దానికే పెట్టాలనిపించింది. పసుపు కాస్త పల్చగా కలిసింది. అయినా మూడు వేళ్లతో నిండుగా రాసి, కుంకుమ పెట్టి, గౌరి నాన్నగారిని కాపాడు తల్లీ అని మొక్కాను. పోయిన మనిషిని కాపాడమనడం ఏమిటో!

పూజలో పెట్టినవి దశమి దాటేదాకా ముట్టుకోం.

అక్టోబరు 3, శుక్రవారం

గుచ్చాను. రాలేదు. వైరు మార్చాను. రాలేదు. తుడిచినకొద్దీ గుడ్డకి పసుపు... చీలికల్లోంచి వస్తోంది. నా చేత్తో నేనే.

సూరిబావ వచ్చి డబ్బా విప్పాడు. “దీనికి పసుపు రాసినావా? ఏటి సేత్తన్నావ్ బావా నువ్వు!” అని, నాలుక కరుచుకున్నాడు. ఆయన స్క్రూడ్రైవర్ల పెట్టె మీదా బొట్టుంది. డబ్బా సర్క్యూట్ పోయింది. కార్డుకి ఒక మూల మరక. స్పిరిట్‌తో తుడిచాడు. “మూతేసినదయితే పసుపు ఎల్లీది కాదు. కానీ ఎల్లుంటే, కార్డు ఇలగ బైటికీ వచ్చీది కాదు.” రేపటిదాకా ఆరనివ్వాలట. లాప్‌టాప్ లోపల బిగించి చూడాలట. “వత్తే ముందు కాపీ. తెరిచి సూడకు.”

గౌరికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. “వత్తాను” అంది. అంతే.

అక్టోబరు 4, శనివారం

రేపే పెద్దకర్మ. పొద్దున్నే వెళ్లి మూత వేసిన ఎక్స్‌టర్నల్ తెచ్చాను — బుద్ధి ఇప్పుడొచ్చింది. బావ కార్డు బిగించాడు. పేర్లన్నీ కనిపించాయి! జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. కాపీ పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

గౌరి నా పక్క కుర్చీలో. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తలంబ్రాలు కాపీ అయ్యాయి. అప్పగింతలు మొదలయ్యాయి.

“నాన్న ఏటన్నాడో సరిగ్గా గుర్తు నేదన్నా. నాను ఏడుత్తన్నాను కదా అప్పుడు.”

కాపీ ఎంతవరకు అయిందో చూపే గీత సగం దాకా వచ్చి ఆగింది.

“ఆగిపోనాదేటి?”

“లేదమ్మా, పెద్ద ఫైలు కదా” అన్నాను. నిజమో కాదో నాకూ తెలియదు.

గీత వైపు చూడలేక ఇది రాస్తున్నాను. గౌరి దాన్నే చూస్తోంది.