కంపెనీ అనే గడి

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు నుంచి నా పని రెండు స్క్రీన్లు పక్కపక్కన పెట్టుకుని చూడటం. ఎడమవైపు ఉదయగిరి బ్రాంచి వాడిన పాత సాఫ్ట్‌వేర్. కుడివైపు ఆత్మకూరులో మా ట్రస్టు ఆసుపత్రి కొత్తగా కొన్నది. ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షల క్యాంపులు పెట్టినప్పుడు వచ్చినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రెండింటిలోనూ ఉన్నాయి. పోల్చి చూసి, ఒక మనిషికి ఒకే రికార్డు మిగిల్చి, పాతదాన్ని మూసేయాలి. నెలాఖరుకి దాని లైసెన్సు అయిపోతుంది.

రెండూ సరుకులు అమ్ముకునేవాళ్లు కొనేవాళ్ల చిట్టా రాసుకోడానికి చేసిన సీఆర్ఎం సాఫ్ట్‌వేర్లు. పేషెంటు అనే మాటే లేదు. క్యాంపుకి వచ్చిన మనిషి ‘లీడ్’, అంటే బేరం తగలొచ్చిన మనిషి. వైద్యం పూర్తయితే ‘క్లోజ్డ్ వన్’, గెలిచిన బేరం. చనిపోతే ‘క్లోజ్డ్ లాస్ట్’, పోయిన బేరం. ఈ పేర్లు మార్చుకోవచ్చా అని మేనేజర్ పెంచలప్రసాద్ సార్‌ని అడిగాను. దానికి మళ్లీ హైదరాబాదులో కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లకి మెయిల్ పెట్టాలమ్మా, అలవాటైపోతుందిలే అన్నారు.

ఆగస్టు 6, బుధవారం

పాత సాఫ్ట్‌వేర్‌లో ‘కంపెనీ’ అని ఒక గడి ఉంది. ఉదయగిరి రికార్డుల్లో ఆ గడి చూసి ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను.

కంపెనీ: బర్రెలామె. కంపెనీ: చర్చి వెనక రేకుల ఇల్లు. కంపెనీ: చెవుడు, గట్టిగా పిలవాల. కంపెనీ: అత్తతో మాటల్లేవు, అత్తకి చెప్పొద్దు.

ఉదయగిరికి ఫోన్ చేశాను. అక్కడి ఫీల్డ్ వర్కర్ సుజనక్క తీసింది. ఇదేందక్కా అంటే, ఆ డబ్బా ఖాళీగా వదిలితే సేవ్ కాదమ్మే, ఏందో ఒకటి రాయాల గదా, మా ఊళ్లల్లో కంపెనీలు యాడుండాయి, రేపు మళ్లా పోతే ఆ మనిషిని ఎట్టా పట్టుకోవాల్నో అది రాసినాను, నీకేమన్నా నొప్పా అని ఎదురడిగింది. వయసు తెలియని వాళ్లందరికీ నలభై ఎందుకేశావంటే, నలభై అంటే ఎవురూ కోప్పడరు అంది.

ఆగస్టు 8, శుక్రవారం

ఉదయగిరి లిస్టులో ఓబమ్మ, మా లిస్టులో కృపారాణి. ఊరు ఒకటే, ఫోన్లు వేరు. సాఫ్ట్‌వేర్ ఇద్దరని చెప్పింది. నాకెందుకో అనుమానం వచ్చి ఫోన్ చేశాను. ఒకామే. ఆధార్‌లో ఓబమ్మని, దేవుడి కాడ కృపారాణిని, నీకు ఏది సులువో అది పెట్టుకో పాపా అంది. ఎందుకు పిల్చినావు, నాకేమన్నా ఉండాదా అని అడిగింది. ఏమీ లేదవ్వా, పేరు కోసమే అన్నాను. పేరు కోసం గుండె ఆగేటట్టు చేస్తివే అని తిట్టి పెట్టేసింది.

ఈ ఒక్కటీ సరిగ్గా కలిపాను.

ఆగస్టు 13, బుధవారం

వరికుంటపాడు దగ్గర చెరువు పక్క కాలనీ. నలుగురు పెంచలమ్మలు. అందరికీ నలభై. అందరికీ ఒకే ఫోన్ నంబరు.

ఆ నంబరు ఆటో నడిపే సురేశ్‌బాబుది. క్యాంపు రోజున వాళ్లను తన ఆటోలో తీసుకొచ్చాడు. పేరు ఎక్కాలంటే ఓటీపీ కావాలి. ఉన్నది అతని ఫోను. నాలుగు ఓటీపీలూ అతనికే వచ్చాయి.

కంపెనీ గడులు: కట్ట కింద మొదటిల్లు. చేతి మీద తేలు పచ్చబొట్టు. మొగుడు వలలు అల్లతాడు. నవ్వతా ఉంటాది.

నాలుగింటికీ ‘డౌట్’ అని పెట్టి ముందుకు పోయాను.

ఆగస్టు 18, సోమవారం

హైదరాబాదు వాళ్లతో మీటింగ్. డౌట్ అని ఏదీ ఉంచకూడదట. పేరు, ఊరు, ఫోను మూడూ కలిస్తే ఒకే మనిషి, అది రూల్ అన్నారు. మా వైపు ఒక ఫోను పదిమంది వాడతారని చెప్పాను. స్క్రీన్ అవతల ఉన్నాయన, మ్యాచ్ కాన్ఫిడెన్స్ తొంభై ఎనిమిది శాతం మేడం అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. తొందర ఉంది.

పెంచలప్రసాద్ సార్ వైపు తిరిగాను. సార్, ఆత్మకూరు బస్టాండులో పెంచలా అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో మీకు తెలియదా అన్నాను. ఆయన గట్టిగా నవ్వారు. మా ఇంట్లోనే ముగ్గురం తిరుగుతాం భవ్యా అన్నారు. నవ్వి, అప్రూవ్ చేశారు.

కంపెనీ కాలమ్ అంతా చెత్త, వదిలేయమన్నారు హైదరాబాదు వాళ్లు. ‘డోంట్ ఇంపోర్ట్’ మీద నేనే నొక్కాను.

ఆగస్టు 29, శుక్రవారం

డూప్లికేట్స్: సున్నా. సార్ మైసూర్‌పాకు తెప్పించారు.

సెప్టెంబరు 3, బుధవారం

ల్యాబ్ నుంచి ఫోన్. వరికుంటపాడు క్యాంపులో తీసిన శాంపిళ్లలో ఒకదాన్ని రెండోసారి చూడటానికి బయటికి పంపారు. ఆ రిపోర్టు వచ్చింది. గర్భసంచి ముఖద్వారంలో మార్పులున్నాయి. ఇప్పుడే వస్తే నయమవుతుంది, వదిలేస్తే కాదు అని డాక్టరమ్మ అన్నారు.

శాంపిల్ మీద పేరు రాయరు. పాత ఐడీ నంబరు ఒక్కటే ఉంటుంది. ఆ నంబరు కొత్తదాంట్లో కొడితే పెంచలమ్మ అని వచ్చింది. నలుగురూ కలిసిన పెంచలమ్మ. స్టేటస్: నార్మల్.

పాతదాంట్లోకి పోబోయాను. సబ్‌స్క్రిప్షన్ ఎక్స్‌పైర్డ్.

రికార్డులు కలిపేటప్పుడు నేను రాసుకున్న ఎక్సెల్ షీట్ తీశాను. నాలుగు ఐడీలూ ఉన్నాయి. నాలుగింటి పక్కనా అదే పేరు, అదే ఊరు, అదే నంబరు, అదే నలభై. తేడా చెప్పే గడి నేను వదిలేసినది. ఆ నాలుగు మాటలూ నాకు గుర్తున్నాయి. ఏది ఏ నంబరుదో గుర్తు లేదు. సుజనక్కకీ లేదు. మనుషులు తెలుసుగానీ నంబర్లు నాకెందుకు తెలుస్తాయమ్మే అంది.

సెప్టెంబరు 5, శుక్రవారం

కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లు పాతవాళ్లని అడగమన్నారు. పాతవాళ్లు, కాంట్రాక్టు ప్రకారం డేటా తుడిచేశాం అన్నారు. మా సేవ మీకు నచ్చిందా అని ఐదు నక్షత్రాలు పంపారు.

సెప్టెంబరు 8, సోమవారం

ఉదయగిరి దాకా బస్సు. అక్కడ సుజనక్కను ఎక్కించుకుని సురేశ్‌బాబు ఆటో. చెరువులో నీళ్లు బాగానే ఉన్నాయి. కట్ట మీద వలలు ఆరేశారు.

ముగ్గురు పెంచలమ్మలు ఉన్నారు. నాలుగో ఆమె లేదు.

మీలో ఒకరికి జబ్బుంది, ఎవరికో మాకు తెలియదు అని ఎట్లా చెప్పడం? నేను గొంతు సవరించుకునేలోపు సుజనక్క, మిషను చెడిపోయిందంట, మళ్లా చెయ్యాలంట అనేసింది. నేను కాదనలేదు.

పచ్చబొట్టు పెంచలమ్మ, మీ మిషను చెడిపోతే నేనెందుకు కూలి పోగొట్టుకోవాలా అంది. వలలాయన భార్య, నీ కూలి సంగతి తెల్వదా, పొద్దెక్కిందాకా నిద్రే గదా అంది. కట్ట కింద పెంచలమ్మ మాత్రం నా మొహం వైపే చూస్తోంది. నిజం జెప్పు పాపా, ఎవురికి అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. అది నిజమే.

నాలుగో ఆమె మొగుడితో రొయ్యల గుంటల కాపలాకి సముద్రం వైపు పోయిందట. ఏ ఊరంటే పనికి తీసుకుపోయిన మేస్త్రీకే తెలియాలన్నారు, ఆ మేస్త్రీ ఎవరో వాళ్లకి తెలియదు. అప్పుడప్పుడూ ఎవరి ఫోన్లోంచో సురేశ్‌బాబుకి చేస్తుందట. ఈసారి చేస్తే వెంటనే రమ్మని చెప్పు, మా దగ్గర నుంచి ఏ కబురొచ్చినా ఆమెకి చేర్చు అని అతనికి చెప్పాను. నేను చెప్తా గదా మేడం, మీరు నిమ్మళంగా పోండి అన్నాడు.

సెప్టెంబరు 10, బుధవారం

ముగ్గురూ వచ్చారు. సురేశ్‌బాబే తీసుకొచ్చాడు. నర్సు తలుపు తీసి పెంచలమ్మా అని పిలిస్తే ముగ్గురూ లేచారు. ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు. నర్సు కూడా నవ్వింది.

సెప్టెంబరు 17, బుధవారం

ముగ్గురికీ ఏమీ లేదు.

అంటే నాలుగో ఆమెకే.

సెప్టెంబరు 20, శనివారం

సురేశ్‌బాబు ఫోన్లో పాత కాల్స్ అన్నీ వెతికించాను. ఎందుకో అతనికి చెప్పలేదు, ఒకరి రిపోర్టు సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అతనికి గుర్తున్నంతలో ఆమె చేసినవి కొన్ని నంబర్లు. ఒక నంబరు ఇప్పుడు వాడకంలో లేదు. ఒకటి మేత లారీ డ్రైవరుది, అతనికి ఏమీ తెలియదు. ఒకదాన్ని ఏదో గుంటల దగ్గర సూపర్‌వైజర్ ఎత్తాడు. పెంచలమ్మ కావాలన్నాను. ఏ పెంచలమ్మ, ఈడికి ఇద్దరొచ్చి పోయినారు అన్నాడు. ఇంటిపేరు నాకు తెలియదు. వయసు నలభై అని మేం రాసుకున్నది. ఏం చెప్పాలో తెలియక, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది అన్నాను.

ఈడ నవ్వేవాళ్లెవురూ ఉండరు మేడం అని పెట్టేశాడు.

సెప్టెంబరు 26, శుక్రవారం

సురేశ్‌బాబు ఫోన్ చేశాడు. సంతోషంగా ఉన్నాడు. పెంచలమ్మ నిన్న సాయంత్రం ఫోన్ జేసింది, మీరు జెప్పమన్నట్టే జెప్పేసినాను మేడం అన్నాడు.

ఏం చెప్పావు అన్నాను.

మెసేజ్ చదివి వినిపించాడట. నాకు పంపమన్నాను. మా కొత్త సాఫ్ట్‌వేర్ దానంతటదే పంపిన మెసేజ్ అది. ముగ్గురి రిపోర్టులూ ఆ ఒక్క పెంచలమ్మ రికార్డులోనే ఎక్కాయి. ఎక్కిన ప్రతిసారీ ఒక మెసేజ్ పోయింది. ‘పెంచలమ్మ గారూ, మీ పరీక్ష ఫలితం నార్మల్. ఏడాది తర్వాత తప్పక రండి.’

మూడుసార్లు వచ్చింది మేడం, మూడుసార్లూ అదే ఉండాది, ఇంకేం భయం లేదు, రావద్దులే, కూలి పోగొట్టుకోవద్దు అని చెప్పినా అన్నాడు. మిషను బాగయినట్టుండాదే అని కూడా అన్నాడు.

ఆమె ఏమంది అని అడిగాను.

ఏమంటాది మేడం, నవ్వింది అన్నాడు.

ఆమె ఏ నంబరు నుంచి చేసిందో అది తీసుకుని చేశాను. స్విచాఫ్. సాయంత్రం దాకా చేశాను. సుజనక్క చేసింది. పెంచలప్రసాద్ సార్ కూడా తన ఫోన్ నుంచి చేశారు. ఆయన ఈ రోజు ఎవరితోనూ జోకులు వేయలేదు. మెసేజ్‌లు ఆపమని నేను హైదరాబాదుకి మెయిల్ పెట్టాను. ఫిర్యాదు అందిందని ఒక టికెట్ నంబరు వచ్చింది.

అక్టోబరు 6, సోమవారం

నంబరు ఇంకా స్విచాఫే.

పెంచలమ్మ రికార్డు తెరిచాను. ఇందులోనూ కంపెనీ గడి ఉంది. ఖాళీగా ఉన్న ఆ గడిలో ‘నవ్వతా ఉంటాది’ అని టైప్ చేసి సేవ్ నొక్కాను.

కొత్త కంపెనీ చేరింది అని వచ్చింది. ఉద్యోగులు: ఒకరు.