నీలం రంగు ట్రాక్టరు

ఏవండీ,

స్కూలుకి టైమైపోయింది, వెళ్తున్నా. ఉప్మా మూకుట్లో ఉంది.

ట్రాక్టరు ఛాసిస్ నెంబరు మీద మీరు పూసిన రంగుని, నా నెయిల్ పాలిష్ రిమూవరు సీసా మొత్తం పోసి గోకాను. నెంబరు బయటపడింది. ఇవాళ బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి అది చూపించండి. "ఆర్‌సీలో ఎరుపని ఉంటే బండి నీలంగా ఉందేంటండీ?" అంటే, చర్చికి వేయగా మిగిలిన రంగని నిజమే చెప్పండి.

ఈసారి కూడా రిజిస్ట్రేషన్ పొడిగించకపోతే బండి తుక్కుకే. పెళ్లయ్యాక పాలకొల్లు నుంచి నన్ను దాని మీదే తెచ్చారు. గుర్తుంచుకోండి.

సలోమి

తా.క. పోయినసారి ఇన్‌స్పెక్టరు గారు హారన్ ఏదని అడిగితే మీరు నోటితో పీ పీ అన్నారట. సీటు మీద కొత్త హారన్ పెట్టాను, బిగించుకోండి.