ఎడమ ముందు చక్రం

మార్చి 11, బుధవారం

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం వచ్చే శనివారం నువ్వు వ్యాను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కళ్లారా చూద్దామనుకున్నాను. కానీ రావద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు అడిగావని నాన్న వ్యాను షెడ్డులోకి తెచ్చాను. ఎడమ ముందు చక్రంలో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. విప్పి, బేరింగులు కడిగి, కొత్త గ్రీజు పెట్టాను. నట్టు బిగిస్తున్నంతసేపూ ఇంకొకరు చక్రం తిప్పుతూ ఉండాలి, లేకపోతే బేరింగు సరిగ్గా కూర్చోదు. పక్క షాపు వెల్డరును పిలిచి తిప్పించాను. పిల్లల్ని ఎక్కించుకుని కొండదారిలో వెళ్లేదానివి, చక్రం ఊడితే ఇంకేమైనా ఉందా! అందుకే ఒక పట్టు ఎక్కువే బిగించి, నట్టు జారకుండా రెండు కాళ్ల పిన్ను గుచ్చి వంచి, షట్టరుకు తాళం వేసి భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి చక్రం దానంతటది మెల్లగా తిరుగుతోంది. వేసిన తాళం వేసినట్టే ఉంది. మూత తీసి చూస్తే నట్టు కాస్త వదులు చేసి ఉంది. నా పిన్ను నేల మీద పడి ఉంది. దాని బదులు కొత్తది, కాళ్లు రెండూ ఎడమకే వంచి! అలా వంచే మనిషి పోయి ఏడాదయింది కదా.

మర్నాడు మళ్లీ బిగించాను. మళ్లీ అదే వరస. దెయ్యాలంటే నవ్వేవాణ్ణని నీకు తెలుసు. ఈరోజు కూడా బిగించి, తాళం వేసి, భోజనం మానేసి షట్టరుకు చెవి ఆనించాను. లోపల చక్రం తిరుగుతున్న చప్పుడు, మధ్యమధ్య స్పానరు చప్పుడు. తాళంచెవి చేతిలోనే ఉంది, తీయడానికి చెయ్యి రాలేదు. భయమేసింది చెల్లాయ్, సిగ్గు విడిచి చెబుతున్నాను.

షెడ్డు వెనక గదిలో ఉన్న అమ్మకు ఇదేమీ చెప్పలేదు. నాన్న పోయినప్పటి నుంచి ఆవిడ నోరు విప్పిందే లేదు. మీరు బస్సులో వెళ్లండి. ఈ బండి మనకొద్దు.

నీ మేలు కోరే
అన్నయ్య

తా.క.: కవరు అంటించే ముందు అమ్మకు అన్నం పెట్టబోతే, ఆవిడ గోళ్ల నిండా గ్రీజు! ఆ గదిలోంచి షెడ్డులోకి తలుపుందన్న సంగతే నాకు తట్టలేదు. ఇన్నేళ్లూ నాన్న పక్కన కూర్చుని లైటు పట్టిన మనిషికి పని రాదని మనమెలా అనుకున్నాం? అంత బిగిస్తే బేరింగు కాలిపోతుందిరా, పిల్లలెక్కే బండి, బుద్ధుందా అని తిట్టింది. ఏడాది తర్వాత మొదటి మాట. నాకు ఏడుపు ఆగలేదు. బండి భేషుగ్గా ఉంది, నువ్వు వచ్చెయ్యి. ఒక్కదానివే ఎలా చేశావమ్మా అని అడిగాను. ఒక్కదాన్నే ఎందుకవుతానురా, చక్రం మీ నాన్న తిప్పారుగా అంది.