కట్టని వేషం

ధర్మవరం,
18-4-1953

మా అక్క కదిరమ్మకు తమ్ముడు ఈశ్వరప్ప నమస్కరించి వ్రాసుకొన్నది.

ఇక్కడ అమ్మ, నీ మరదలు, పిల్లలు అందరమూ దేవుని దయవల్ల బాగున్నాము. అక్కడ బావ, మీ మామ, పిల్లలు ఎట్లున్నారో రాయి. నీ ఉత్తరం నిన్న అందింది. అమ్మ కాలినొప్పి గురించి అడిగావు, తగ్గింది. నీ మరదలిని వెంటబెట్టుకుని బత్తలపల్లెలో చిన్నమ్మ ఇంటికి పోయి పది రోజులుండి వచ్చింది. వాన గురించి అడిగావు. మేఘం వస్తుంది, నేను మగ్గం గుంటలోంచి లేచి చూసేలోపల వెళ్ళిపోతుంది.

వాళ్ళు ఊళ్ళో లేనప్పుడే పగటి వేషగాళ్ళు వచ్చారు. నా పిచ్చి నీకు తెలుసు, వాళ్ళు వీధిలో ఉంటే మగ్గం మీద నా చేతిలో నాడె ఆడదు. ఈసారి వాళ్ళ పెద్ద లక్ష్మన్న. మొదటి రోజు పోలీసు వేషం కట్టి మన పక్కింటి సుబ్బరత్నమ్మ వాకిట నిలబడి, "నీ కోడి మీద ఫిర్యాదు వచ్చిండాది, స్టేషనుకు పంపించు" అన్నాడు. ఆ మహాతల్లి నిజంగానే కోడిని బుట్ట కింద దాచింది! ఇంకో రోజు వైద్యుడి వేషంలో గోడకు నాడి చూసి, "దీనికి పైత్యం, మూడు దినాలు పత్యం ఉండల్ల" అన్నాడు. నవ్వి నవ్వి నాకు డొక్కలు పట్టుకున్నాయి. ఎవరు ఏ వేషంలో వచ్చినా ముందు కనిపెట్టేది నేనేనని నాకు ఒకటే గర్వం.

అక్కా, ఆ గర్వమే నా కొంప ముంచింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. లోతుకుపోయిన బుగ్గలు, మోకాళ్ళ దాకా దుమ్ము. "ఈశ్వరప్పా, నేను కదిరమ్మ మామను, వెంకటప్పను. విడపనకల్లు నుంచి నడిచి వస్తాండా. ఇంట్లో గింజల్లేవు నాయనా" అన్నాడు.

మీ మామను నీ పెళ్ళిలో చూడడమే. అప్పుడు పెద్ద తలపాగా, గుబురు మీసం. వేషగాళ్ళు మన చుట్టరికాలన్నీ ముందే ఆరా తీస్తారు కదా, ఇదీ అంతే అనుకున్నాను. "భలే కట్టినావప్పా! ఆ వణుకు యాడ నేర్చినావు? ఇంకొంచెం ఏడువు, చూస్తాం" అన్నాను. వీధంతా నవ్వింది. రెండు సేర్ల జొన్నలు చేటలో తెచ్చి, "ఇవి మామకు కాదు, నీ వేషానికి" అన్నాను.

ఆయన అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. తరువాత వేషగాళ్ళలాగే వంగి అందరికీ సలాం చేసి, జొన్నలు తువ్వాలులో మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

చివరి రోజు వేషాలు తీసి ఇంటింటికీ వచ్చినప్పుడు లక్ష్మన్నతో ఆ ముసలి వేషాన్ని పొగిడాను. "ఏ ముసలాయనన్నా? ఆ వేషం మేం కట్టలేదే. కరువులో ఆకలి వేషం కడితే ఎవరన్నా నగుతారా?" అన్నాడు. ఇంకెవరో బిచ్చగాడై ఉంటాడని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. "మామ మీ ఇంట్లో రెండు దినాలు ఉండినాడంట. కాళ్ళకు నీళ్ళిచ్చి, పక్కన కూచోబెట్టుకొని అన్నం పెట్టినావంట. నువ్విచ్చిన జొన్నమూట విప్పకుండా పిల్లలకు తెచ్చినాడు. నీ తమ్ముడు బంగారమని ఊరంతా చెప్తాండాడు" అని రాశావు. పుట్టింటి పరువు నిలబెట్టానన్నావు.

అక్కా, నేను ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆ రెండు రోజులూ ఆయన ఎక్కడ పడుకున్నాడో, ఏం తిన్నాడో! మూట మాత్రం విప్పకుండా మీ పిల్లలకు తెచ్చాడు. ఎన్ని వేషాలు చూశానో లెక్కలేదు గానీ, నీ ముఖం చిన్నబోకూడదని ఆయన మీ ఇంట్లో కట్టిన వేషానికి సాటి లేదు. సిగ్గుతో అమ్మకు ఇంకా చెప్పలేదు.

సోమవారం బయలుదేరి జొన్నమూట నెత్తిన పెట్టుకుని నడిచే వస్తున్నాను. నేను మీ వాకిట నిలబడి పేరు చెప్పినప్పుడు ఆయన నన్ను "ఎవరప్పా నువ్వు?" అని అడిగితే, నువ్వు అడ్డం రావద్దు.

ఇట్లు,
నీ తమ్ముడు
ఈశ్వరప్ప