ఎడమవైపు

అక్టోబర్ 10, శుక్రవారం. సాయంత్రం 5

ఆరేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన ప్రయాణం చివరికి కుదిరింది. ముగ్గురం: నేను, లాయరు, బేకరీ. ఇరవై రెండేళ్ళ స్నేహంలో మా అసలు పేర్లు ఎప్పుడో అరిగిపోయాయి. నన్ను కళ్ళద్దాలు అంటారు. షాపులో రోజంతా జనం చేత గోడ మీది అక్షరాలు చదివించడమే కదా నా పని.

అద్దె పడవ. రెండు గదులు, చిన్న వంటగది, ముందువైపు పేము కుర్చీలు. ఆదివారం మధ్యాహ్నానికి కింది రేవులో దిగుతాం.

నడిపే సరంగుకు అరవై దాటి ఉంటాయి. నలభై ఏళ్ళుగా ఈ నదిలోనే ఉన్నాడట. లాయరు ఎడమపక్క నిలబడి టీ గ్లాసు అందించింది. ఆయన తీసుకోలేదు. తను కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టేసి వచ్చింది. ఈ ముసలాయనకి టెక్కు ఎక్కువే అంది.

నాకది టెక్కులా అనిపించలేదు.

అక్టోబర్ 11, శనివారం. ఉదయం 8

పొద్దున్నే బేకరీ రొట్టెలు మాడ్చాడు. ఊరందరికీ రొట్టెలు కాల్చి పెట్టే మనిషి. అదేమంటే నా ఓవెన్ లేదుగా అన్నాడు. తర్వాత నీళ్ళలోకి దూకి, పడవ చుట్టూ రెండు రౌండ్లు ఈదాడు. లాయరు ఫోన్ ఆపేసి సంచి అడుగున పడేసింది. నవ్వీ నవ్వీ నాకు దవడలు నొప్పి.

ఉదయం 10.30

చేపలవాళ్ళ వల మీదుగా పడవ పోయింది. వలకు కట్టిన తెల్లటి బుంగలు ఎడమవైపు బారులుగా తేలుతూనే ఉన్నాయి. నాక్కూడా కనిపించాయి. చిన్న పడవలో ఉన్నతను లేచి నిలబడి, కళ్ళు కనపడట్లేదా అని అరిచాడు. సరంగు తల మొత్తం అటు తిప్పి, అప్పుడు చూశాడు. ప్రవాహం లాగేసిందయ్యా అన్నాడు. అక్కడ నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

మధ్యాహ్నం 12

భోజనానికి లంగరు వేశాక ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా ముక్కునే చూస్తూ ఉండమన్నాను. ఎందుకని అడగలేదు. నా రెండు వేళ్ళూ పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. కుడివైపు సగం దాకా తెస్తే గాని కనపడిందని చెప్పలేదు. ఎడమవైపు వేళ్ళు దాదాపు నా చెంపకు తగిలే దాకా ఆయనకు కనపడలేదు.

నీటికాసుల జబ్బు. గొట్టంలోంచి చూసినట్టు చూస్తున్నాడు ఈ మనిషి.

ఆయనకు తెలుసు. మూడేళ్ళయిందట. చుక్కల మందు వేసుకున్నాడట, బాగానే ఉందనిపించి మానేశాడట. ఇదే ఆఖరి సీజనమ్మా అన్నాడు. రేపు మధ్యాహ్నం మిమ్మల్ని దించేశాక తాళంచెవి ఓనరుకి ఇచ్చేస్తాను, మీ వాళ్ళకి చెప్పకు తల్లీ, ఈ నది నాకు కంఠతా వచ్చు అన్నాడు. చేతులేమీ జోడించలేదు. జోడించి ఉంటే కాదనేదాన్నేమో.

సరే అన్నాను.

షాపులో అయితే ఫైల్లో రాస్తాను, పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళమని చీటీ ఇస్తాను. ఆ తర్వాత ఆ మనిషి ఏం నడుపుకుంటాడో నాకు అనవసరం. ఇక్కడ మేము ఆ పడవలోనే ఉన్నాం.

సాయంత్రం 6

మధ్యాహ్నమంతా ఆయన ఎడమపక్కనే కూర్చున్నాను. దుంగ అంటాను మెల్లగా. ఇసుక మేట అంటాను. ఆయన చక్రం తిప్పుతాడు. బేకరీ నాకు చిన్న సరంగు అని పేరు పెట్టాడు. లాయరు నవ్వలేదు. కోర్టులో సాక్షిని చూసినట్టు చూస్తోంది.

వానల తర్వాత ఇటువైపు రావడం ఆయనకు ఇదే మొదటిసారి. దిగువన కొత్త వంతెన కడుతున్నారు. దూరం నుంచి స్తంభాలు కనిపిస్తున్నాయి. ఎన్ని ఉన్నాయమ్మా అని అడిగాడు. ఏడు అన్నాను. ఇంకోసారి లెక్కపెట్టమన్నాడు. ఏడే.

నాకు నాలుగే తెలుసు అన్నాడు.

అక్టోబర్ 12, ఆదివారం. ఉదయం 6

మంచు. రెండు ఒడ్డులూ లేవు.

సాయంత్రం 4. ఆసుపత్రి వరండా

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

తొమ్మిదికి మంచు విడిపోయింది. బయలుదేరాం. నేను ఎడమపక్కనే ఉన్నాను. బేకరీ ముందు అంచున, ఎడమవైపు, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. లైఫ్ జాకెట్ వేసుకున్నాడు. ఏదో పాట ఈల వేస్తున్నాడు.

లాయరు వచ్చి లోపలికి రమ్మంది. తర్వాత వస్తానన్నాను. ఇప్పుడే అంది. వెళ్ళాను. తలుపేసి, నిన్నటి నుంచి ఏం దాస్తున్నావు అని అడిగింది. చెప్పేశాను. వల సంగతి, వేళ్ళ సంగతి, ఇచ్చిన మాట సంగతి. మరి ఇప్పుడు ఆయన పక్కన ఎవరున్నారు అని అడిగింది.

ఎవరూ లేరు.

తలుపు తీస్తున్నాను. అప్పుడే పడవ ఒరుసుకుంది. పెద్ద చప్పుడేమీ కాదు. ఇనుము మీద చెక్క గీసుకున్న చప్పుడు, అంతే. ఐదో స్తంభం చుట్టూ పనివాళ్ళు నిలబడే ఇనుప అరుగు ఉంది. దానికీ పడవకీ మధ్య బేకరీ ఎడమకాలు. ఈల ఆగింది. వాడు కిందికి చూసుకున్నాడు.

రక్తం ఆగేలా నా చున్నీతో తొడ మీద బిగించి కట్టాను. లాయరు వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. రేవు దాకా నేనే అరుస్తూ దారి చెప్పాను. కుడికి, ఇంకా కుడికి. సరంగు చెప్పినట్టే చక్రం తిప్పాడు.

అక్టోబర్ 13, సోమవారం

పోలీసు స్టేషన్. సరంగు తన కళ్ళ సంగతి తనే ఒప్పుకున్నాడట. పడవలో ఎవరికీ తెలియదండీ, ఆ అమ్మకి కూడా తెలియదు అన్నాడట. అడక్కుండా నన్ను తీసుకొచ్చాడు ఆ మాటలోకి. ఎస్సై తలెత్తి, మీకు తెలుసా అన్నాడు. లాయరు బల్ల కింద నా మణికట్టు నొక్కింది.

తెలియదన్నాను. సంతకం పెట్టాను.

అక్టోబర్ 15, బుధవారం

మోకాలి కింద నుంచి తీసేశారు.

అక్టోబర్ 16, గురువారం

షాపు తెరిచాను. మొదట వచ్చినాయన కింది వరస గడగడా చదివేశాడు. ముక్కు చూడండి అన్నాను. వేళ్ళు పక్కనుంచి తేవడానికి చెయ్యి లేవలేదు. రేపు రమ్మని పంపేశాను.

లాయరు ఫోన్ చేసింది. జైలుకి నువ్వు వెళ్తే వాడికి కాలు మొలుస్తుందా అంది. గట్టిగానే అంది. తర్వాత ఏడ్చింది. తలుపేసింది నేనే కదే అంది.

అక్టోబర్ 19, ఆదివారం

బేకరీ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ పది నిమిషాలు గదిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారు అని అడిగాడు.

చెప్పాను. శనివారం మధ్యాహ్నం నుంచి, అంతా.

అంతా విన్నాడు. తర్వాత దుప్పటి తీసి చూడు అన్నాడు.

చూశాను.