వాగు దాటని దారిచూపరి

అన్నా,

నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. ములకలపల్లి చర్చి నుంచి వచ్చాక వదిన తనంతట తానే మనిద్దరం పాత్రలు కట్టి పాచికలతో ఆడుకున్న నీ అడవి ఆట నోటుబుక్కు తీసింది. "నాక్కూడ నేర్పు" అంది. నువ్వుండగా ఒక్కసారి కూడా పాచికలు ముట్టని మనిషి!

ఆమెకు మందాకులు తెలిసిన వైద్యురాలి పాత్ర ఇచ్చాను. నాది ఎప్పటిలాగే నువ్వు తయారుచేసిన దారిచూపరి. అడవిలో ప్రతి దారీ తెలుసు, వాగు మాత్రం దాటకూడదు. ఎంత బలమిస్తే అంత కట్టడి ఉండాలని నీ పట్టుదల. చివరిసారి దాని మీద పోట్లాడితే "వచ్చే ఆదివారం సూద్దాం తియ్" అన్నావు. ఆ ఆదివారానికి నువ్వు లేవు.

పాచికలు రెండుసార్లు వేసేసరికి వదిన వాగు దాటేసింది.

"నువ్వు వస్తలేవేంది?"

నియమం చెప్పాను.

"గా నియమం కొట్టెయ్యరాదు?"

ఇద్దరి సంతకాలుంటేనే నియమం మారాలని మొదటి పేజీలో రాసుకున్నాం కదా, అది చూపించాను.

"ఆయన సంతకం నేను పెడ్త" అంది. నాకు కోపమొచ్చి పెన్ను లాక్కున్నాను.

వదిన పాచికలు అందుకుంది. అవతలి ఒడ్డున ఒక్కతే ముందుకు పోయింది. నేను ఇవతలే కూర్చుని, ఎటు తిరగాలో చెబుతూ ఉన్నాను.