పన్నెండు వందల మోత

లావెంటిల్,
జనవరి 16.

మిత్రుడు హోలిస్‌కు,

నువ్వూ, మీ ఇంటావిడా, ఆ కరిచే కుక్కా క్షేమమని తలుస్తాను. నేనిక్కడ కులాసా. మూడేళ్ల తర్వాత ఉత్తరం రాశానని కోపం పోయిందనుకోకు. ముప్ఫై ఏళ్లు ఇద్దరం కలిసి ఇనప పీపాలు కోసి, స్టీలు పాన్లు చేసి, సుత్తితో కొట్టి శ్రుతి చేశాం. అలాంటిది పదిమందిలో "గార్నెట్, సన్న స్వరాలు మరీ పైకి పోతున్నాయిరా" అన్నావు. కుళ్లుబోతువన్నాను. నువ్వు సుత్తి పారేసి టొబాగో దీవికి పడవెక్కావు. ఫోను చేద్దామంటే ఈమధ్య ఫోన్లలో మాట సరిగ్గా రావడం లేదు.

మనవాళ్లు పాన్లు వాయించే యార్డుకు యూనివర్సిటీ నుంచి అనీలా రాంపర్సాద్ అనే అమ్మాయి వచ్చింది. అగ్గిపెట్టెంత డబ్బా నా భుజానికి తగిలించింది. చిన్న బ్యాటరీతో వారం నడుస్తుందట. పని మొదలెట్టింది మొదలు దిగేదాకా చెవిలో ఎంత మోత పడిందో లెక్క కడుతుందట. రోజుకు నూరు దాటకూడదంది. కొండ కింది యార్డుకు తొమ్మిది వందలొచ్చిందని నోరు జారింది. ఇంకేముంది! "తాతా, మన పరువు నీ భుజం మీదుంది, దంచు!" అని మనవాళ్లంతా చుట్టూ మూగారు. మన బోసీ అయితే డబ్బా దగ్గర మూతిపెట్టి మరీ అరిచాడు.

పన్నెండు వందలు! రమ్ము సీసాలు లేచాయి. "ఇది గెలుపు కాదు అంకుల్, చెవులు పోతాయి" అని ఆ పిల్ల తల పట్టుకుంటే, ఓ పళ్లెం పెలావు అన్నం పెట్టి, మళ్లీ ఎప్పుడొస్తావమ్మా అని అడిగారు.

ఒక్కటే లోపం. మోత హద్దు దాటితే డబ్బా సన్నగా కూస్తుందంది. రోజంతా నా భుజం మీదే ఉందా, ఒక్క కూతా కుయ్యలేదు. డబ్బా చెడిందని కడిగేశాను. ఆ పిల్ల నా చెవి వంక చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది.

కార్నివాల్ పోటీ ఇంకా మూడు వారాలుంది. సన్న స్వరాలు పంటికింద రాయిలా తగులుతున్నాయని వాయించేవాళ్లు సణుగుతున్నారు. ఇలాగైతే మొదటి రౌండులోనే ఇంటికట. ఈకాలం వాళ్లకి చెవులెక్కడివి?

మీ ఇంటావిడకి నా నమస్కారాలు చెప్పు. కుక్కకి వద్దు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని
గార్నెట్

మరో మాట: డబ్బా చెడలేదురా, ఇప్పుడే మనవాళ్లనడిగాను. పొద్దున తొమ్మిదింటి నుంచీ కూస్తూనే ఉందట. అది శభాష్ అంటోందనుకుని మనవాళ్లు ఇంకా రెచ్చిపోయారట. వీధిలో డబుల్స్ రొట్టెలు అమ్మే ఆవిడ కూడా విందిట. విననిది నేనొక్కణ్ణే. ఆరోజు నువ్వన్నది నిజమే. లావు స్వరాలు నాకింకా బాగానే వినిపిస్తాయి, పెద్ద పీపాలు నేను చూసుకుంటాను. సన్నవి నువ్వు చూడు. శుక్రవారం పడవ దగ్గర నిలబడతాను. దిగగానే కేకెయ్యకు, చెయ్యి ఊపు.